పది రాత్రులు, 36 మంది, ఒక కాలేజీ క్వయర్: ఆ ఏజెంట్ ఇచ్చిన జర్మనీ ప్లాన్ గురించి

మేడమ్ గారూ, మీ ప్రశ్న ఇంకెవరికైనా పనికొస్తుంది కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా పెడతాను. గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ క్వయర్ (బృందగానం పాడే జట్టు). 32 మంది పిల్లలు, నలుగురు స్టాఫ్. వచ్చే మే నెలలో పది రాత్రులు జర్మనీ. లైప్‌జిగ్‌లో ఒక విద్యార్థుల క్వయర్ మిమ్మల్ని పిలిచింది, కలిసి ఒక కచేరీ చేద్దామంది. ట్రావెల్ ఏజెంట్ వేసిన రూటు ఇదీ: ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్, హైడెల్‌బెర్గ్, బ్లాక్ ఫారెస్ట్, మ్యూనిక్, నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట, డ్రెస్డెన్, లైప్‌జిగ్, బెర్లిన్. మధ్యలో ఐదు కచేరీలు. ఇది సాధ్యమేనా, ఏవి తీసేయాలి, ఏ పాటలు పెట్టుకోవాలి, తల్లిదండ్రులు కొందరు మేమూ వస్తామంటున్నారు, వాళ్ళకు ఏం చెప్పాలి అని అడిగారు.

నేను లైప్‌జిగ్‌లోనే ఉంటాను. ఉద్యోగం వేరు, సాయంత్రాలు ఇక్కడ ఒక ఔత్సాహిక క్వయర్‌లో బాస్ (అన్నిటికంటే కింది గొంతు) పాడతాను. బయటి దేశాల నుంచి విద్యార్థి బృందాలు వచ్చినప్పుడు పిల్లల్ని ఇళ్ళలో సర్దడం, చర్చి ఆఫీసులతో మాట్లాడటం, బస్సు టైములు చూడటం చాలాకాలంగా నా మెడకు చుట్టుకున్న పని. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ఆ ప్లాన్ మామూలు టూరిస్టులకైతే అలసట, అంతే. పాడేవాళ్ళకు మాత్రం అసలు పనికిరాదు. టూరిస్టుకు గొంతు పోయినా ఫోటోలు దిగుతూనే ఉంటాడు. మీ సొప్రానోలకు (పై స్థాయిలో పాడే ఆడపిల్లలకు) నాలుగో రోజు గొంతు పోతే ఐదో రోజు కచేరీయే లేదు. రోజూ ఐదారు గంటలు బస్సు ఏసీ, దిగగానే బయట చలిగాలి, రాత్రి అరకొర నిద్ర, దానికి తోడు బస్సులో అంత్యాక్షరి. అంత్యాక్షరి అంటే నవ్వుకోకండి, నేను చూసినంతలో గొంతులు పోయేది స్టేజీ మీద కాదు, బస్సులోనే. ఇంజను మోతకు మించి గట్టిగా పాడాలి కదా, గంటసేపు అలా అరిచాక సాయంత్రం నెమ్మది పాట పట్టుకోమంటే ఎవరి గొంతూ లేవదు. మొదటి రోజే ఒక రూల్ పెట్టండి: కచేరీ ఉన్న రోజు బస్సులో పాటలు లేవు.

ఇంకో సంగతి, ఏజెంట్లు చాలామంది చెప్పరు. యూరప్‌లో బస్సు డ్రైవర్‌కు గట్టి నియమాలున్నాయి. రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు (వారంలో రెండు రోజులు 10 వరకు), నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆపాలి, రోజుకు మామూలుగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. వారంలో కొన్నిసార్లు దాన్ని 9కి తగ్గించుకునే వీలుంది గానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు. 11 గంటల విశ్రాంతి అంటే ఏమిటంటే, పొద్దున 8కి డ్యూటీ ఎక్కినవాడు రాత్రి 9కల్లా బండి పక్కన పెట్టేయాలి. మీ కచేరీ 7:30కి మొదలై 9కి ముగిసి, ఆ తర్వాత వాళ్ళిచ్చే టీ తాగి, బట్టలు మార్చుకుని బస్సెక్కేసరికి 10 అవుతుంది. ఇక్కడ "అన్నా, కొంచెం అడ్జస్ట్ అవ్వు" అంటే కుదరదు, బండిలోని పరికరం ప్రతి నిమిషం రికార్డు చేస్తుంది, పట్టుబడితే డ్రైవర్ జేబులోంచి కూడా జరిమానా పోతుంది. కాబట్టి కచేరీ రోజు బస్సును మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టండి, లేదా పడుకునే చోటు చర్చికి నడిచి వెళ్ళేంత దగ్గర్లో చూసుకోండి. రెండోదే మేలు.

ఇక తీసేయాల్సినవి. కొలోన్, హైడెల్‌బెర్గ్, బ్లాక్ ఫారెస్ట్, మ్యూనిక్, ఆ కోట, అన్నీ. బాధగానే ఉంటుంది, తెలుసు. కొలోన్ కెథడ్రల్ 1248లో మొదలై 1880లో పూర్తయింది, 157 మీటర్ల ఎత్తు, గోపురం ఎక్కడానికి 533 మెట్లు. చూడాల్సిందే, కానీ ఈ ట్రిప్పులో కాదు. నాయ్‌ష్వాన్‌స్టైన్ అయితే లైప్‌జిగ్ నుంచి 500 కిలోమీటర్లకు పైనే, వెళ్ళాక లోపల తిప్పేది సుమారు అరగంట, అదీ టైము రాసిన టికెట్టుతో. ఆ అరగంట కోసం ఒక పగలంతా పోతుంది. మీ ఆహ్వానం వచ్చింది తూర్పు జర్మనీ నుంచి, బృందగానానికి ఈ దేశంలో ఇంతకంటే మంచి ప్రాంతం లేదు. ఇక్కడే తిరగండి.

నేనైతే ఇలా వేస్తాను. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది, దాంట్లో దిగండి. తిరుగు ప్రయాణం బెర్లిన్ నుంచి, మధ్యలో ఒకచోట విమానం మారితే సరిపోతుంది. గ్రూప్ టికెట్టు తీసుకునేటప్పుడే దిగే ఊరు, ఎక్కే ఊరు వేరు అని చెప్పండి, అప్పుడు వెనక్కి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా బస్సులో పడి రానక్కర్లేదు. దిగిన రోజు నేరుగా లైప్‌జిగ్ వెళ్ళకండి, దారిలో ఐజెనాఖ్‌లో ఆగిపోండి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ రెండు రాత్రులు, లైప్‌జిగ్‌లో ఐదు, డ్రెస్డెన్‌లో ఒకటి, బెర్లిన్‌లో రెండు. కచేరీలు మూడు, ఐదు కాదు. వీలైతే బెర్లిన్‌లో ఒక చిన్న పాట, అది కచేరీ లెక్క కాదు, కింద చెప్తాను.

ఐజెనాఖ్ ఎందుకంటే, అది చిన్న ఊరు, విమానం దిగి తల తిరుగుతున్న పిల్లలకు హాయిగా ఉంటుంది. 1685లో సంగీతకర్త బాఖ్ పుట్టిన ఊరు. ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన సెయింట్ జార్జ్ చర్చి ఊరి మధ్యలోనే ఉంది. బాఖ్ మ్యూజియంలో ఆ కాలపు కీబోర్డు వాద్యాలను సందర్శకుల ముందు వాయించి చూపిస్తారు. అది వింటే, ఇప్పటి పియానో మీద నేర్చుకున్న బాఖ్ అసలు ఎంత సన్నని చప్పుడుతో పుట్టిందో పిల్లలకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కొండ మీద వార్ట్‌బుర్గ్ కోట, 1521–22లో మతసంస్కర్త లూథర్ దాక్కుని కొత్త నిబంధనను జర్మన్‌లోకి అనువదించిన చోటు. కోట కావాలని ఏడ్చే పిల్లలకు ఈ కోట చూపించండి, సరిపోతుంది.

లైప్‌జిగ్‌కు వచ్చే దారిలోనే వైమార్ ఉంది. కవులు గోథే, షిల్లర్ ఉన్న ఊరు, అందమైన ఊరు. దానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో నాజీల బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం. 1937 నుంచి 1945 వరకు అక్కడ రెండున్నర లక్షల మందికి పైగా బందీలుగా ఉన్నారు, సుమారు 56,000 మంది చనిపోయారు. తీసుకెళ్ళాలా వద్దా అన్నది మీ నిర్ణయం, నన్నడిగితే తీసుకెళ్ళమనే అంటాను, వీళ్ళు డిగ్రీ పిల్లలు, చిన్నవాళ్ళు కారు. కానీ ఆ సాయంత్రం కచేరీ పెట్టొద్దు, సరదా ప్రోగ్రామ్ కూడా పెట్టొద్దు. అక్కడి నుంచి వచ్చాక పిల్లలు మాట్లాడుకోవాలనుకుంటారు, కొందరు అసలు మాట్లాడరు. ఆ సాయంత్రం వాళ్ళకు వదిలేయండి.

లైప్‌జిగ్ విషయంలో కొంచెం ఎక్కువ రాస్తాను, మీరు ఎక్కువ ఉండేది ఇక్కడే. బాఖ్ 1723 నుంచి 1750లో చనిపోయేదాకా సెయింట్ థామస్ చర్చిలో సంగీత బాధ్యుడు. ఆయన సమాధి ఇప్పుడు ఆ చర్చిలోనే, ముందు భాగంలో నేల మీద ఒక కంచు పలక, దాని మీద పేరు తప్ప ఇంకేమీ లేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు పూలు పెట్టి ఉంటారు. ఆ చర్చి బాలుర క్వయర్ 1212 నాటిది. శుక్రవారం సాయంత్రం 6కి, శనివారం మధ్యాహ్నం 3కి అక్కడ మోటెట్ (క్వయర్ పాడే భక్తి పాట) ఆరాధన ఉంటుంది. స్కూలు సెలవుల్లోనూ వాళ్ళు టూర్‌లో ఉన్నప్పుడూ వేరే బృందాలు పాడతాయి, కాబట్టి తేదీ చూసుకోండి. టికెట్టు లాంటిది చాలా తక్కువ ధర, లోపల సీటు కావాలంటే ముప్పావు గంట ముందే వెళ్ళాలి. మీ పిల్లలకు ఒక మాట ముందే చెప్పండి. క్వయర్ ముందు నిలబడదు, వెనక పైన ఆర్గన్ దగ్గర బాల్కనీలోంచి పాడుతుంది. మొదటి పాటకు అందరూ వెనక్కి తిరిగి మెడలు సాచి చూస్తారు, రెండో పాటకు మానేస్తారు, కళ్ళు మూసుకుని వింటారు. ఎవరి ముఖమూ కనపడకుండా, ఎవరూ చేతులు ఊపకుండా పాట అంత నిండుగా రావడం చూశాక మీ పిల్లలు స్టేజీ మీద ఎలా నిలబడాలో మీరు వేరే చెప్పక్కర్లేదు.

సెయింట్ నికోలస్ చర్చిలో సోమవారం ప్రార్థనల నుంచే 1989లో అప్పటి తూర్పు జర్మనీ ప్రభుత్వానికి ఎదురుగా ఊరేగింపులు మొదలయ్యాయి, అక్టోబర్ 9న సుమారు 70,000 మంది వీధుల్లోకి వచ్చారు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. యూనివర్సిటీ చర్చి సంగతి కూడా మీ పిల్లలకు చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్దగా దెబ్బతినని ఆ పాత చర్చిని 1968 మే 30న ఆ ప్రభుత్వమే డైనమైట్ పెట్టి పేల్చేసింది. అదే చోట ఇప్పుడు పౌలీనుమ్ అనే కొత్త భవనం ఉంది, 2017లో తెరిచారు. మీరు వచ్చేది మే నెలలో, చివరి వారంలో అయితే ఆ తేదీ మీ ట్రిప్పులోనే పడొచ్చు.

హాలె ఊరికి ఒక పూట కేటాయించండి. లైప్‌జిగ్ నుంచి లోకల్ ట్రైన్‌లో అరగంట. అందరూ సంగీతకర్త హెండెల్ పుట్టిన ఇల్లు చూడ్డానికి వెళ్తారు, ఆయనదీ 1685లోనే పుట్టుక. గుంటూరు నుంచి వచ్చిన మీరు మాత్రం ఫ్రాంకె సంస్థల ప్రాంగణానికి తప్పక వెళ్ళాలి. 1706లో తమిళనాడులోని తరంగంబాడి వచ్చిన మిషనరీ జీగెన్‌బాల్గ్‌కు ఈ సంస్థతో సంబంధం. ఆ తర్వాత మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలును తెలుగులోకి అనువదించిన బెంజమిన్ షుల్ట్జ్ తిరిగొచ్చి ఇక్కడే పనిచేశాడు. 1746–47లో తెలుగు అక్షరాలతో చిన్న పుస్తకాలు అచ్చయింది ఈ ఊళ్ళోనే, తెలుగు నేల మీద అచ్చుయంత్రం రాకముందే. అవి చూడాలంటే గ్రంథాలయానికి ముందే ఉత్తరం రాయండి, "మేం ఆ భాష మాట్లాడేవాళ్ళం, 36 మందిమి వస్తున్నాం" అని రాయండి. ఊరికే తలుపు తడితే ఆ పుస్తకాలు బయటికి తీయరు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ కూడా జర్మనీలోనే, హెల్మ్‌స్టెడ్ ఊళ్ళో పుట్టినవాడు, అమెరికా నుంచి వచ్చాడని మాత్రమే మనవాళ్ళకు గుర్తు. కచేరీలో మీ బృందాన్ని పరిచయం చేసేటప్పుడు ఈ రెండు ముక్కలూ చెప్పండి, వినేవాళ్ళు ఒక్కసారి సర్దుకుని కూర్చుంటారు.

మూడు కచేరీల్లో ఒకటి లైప్‌జిగ్‌లో మీ ఆతిథ్య బృందంతో కలిసి. రెండోది తప్పకుండా చిన్న ఊళ్ళో పెట్టుకోండి. లైప్‌జిగ్‌లో ఏ సాయంత్రమైనా వినడానికి ఏదో ఒకటి ఉంటుంది, పరాయి దేశపు విద్యార్థి క్వయర్ అంటే 40 మంది వస్తే గొప్ప. అదే నౌంబుర్గ్ లాంటి ఊళ్ళో, లేదా ఇంకా చిన్న పల్లెలో అయితే బెంచీలు నిండుతాయి, పాస్టర్ గారు ముందు ఆదివారమే ప్రకటిస్తారు, కచేరీ అయ్యాక ఊరివాళ్ళు కేకులు తెచ్చి పెడతారు, ముసలివాళ్ళు చేతులు పట్టుకుని మాట్లాడతారు. నౌంబుర్గ్‌లో సెయింట్ వెన్జెల్ చర్చిలో హిల్డెబ్రాండ్ కట్టిన ఆర్గన్ ఉంది, 1746లో బాఖ్, ఆర్గన్లు కట్టే జిల్బర్‌మన్ కలిసి వచ్చి పరీక్షించి ఒప్పుకున్న వాద్యం అది. దానితో కలిసి పాడాలని సరదా పడితే ఒక హెచ్చరిక: ఆ కాలపు ఆర్గన్లు కొన్ని ఇప్పటి శ్రుతి కంటే దాదాపు అర స్వరం పైన ఉంటాయి. శ్రుతి ఎంతో ముందే అడిగి, పాటను దించి రాసుకోవాలి, అక్కడికెళ్ళాక కనిపెడితే మీ సొప్రానోల పని అయిపోయినట్టే.

మూడోది డ్రెస్డెన్‌లో, ఆదివారం ఆరాధనలో రెండు మూడు పాటలుగా పెట్టుకున్నా చాలు. అలా పాడటం కచేరీ కంటే సుఖం, జనం ఎలాగూ ఉంటారు. డ్రెస్డెన్‌లో ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి చూడండి. 1945 ఫిబ్రవరి బాంబుదాడుల్లో కాలి, కూలిపోయింది. నలభై ఏళ్ళకు పైగా రాళ్ళ గుట్టగానే ఉంచి, 1994లో కట్టడం మొదలుపెట్టి 2005 అక్టోబర్‌లో తెరిచారు. గోడల్లో నల్లగా కనిపించేవి చాలావరకు పాత రాళ్ళు. గోపురం మీది శిలువను చేసినవాడు ఒక బ్రిటిష్ కంసాలి, ఆయన తండ్రి ఆ దాడుల్లో పాల్గొన్న పైలట్. గైడ్ చెప్పకపోతే మీరు చెప్పండి.

బెర్లిన్ రెండు రాత్రులంటే అంతా చూడలేరు, చూడాలని ప్రయత్నించొద్దు. పార్లమెంటు భవనం మీది గాజు గోపురం ఉచితం, కానీ ముందే పేర్లు, పుట్టిన తేదీలు పంపి బుక్ చేసుకోవాలి, వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టులు ఉండాలి. మీ ఎక్సెల్ షీటులోని స్పెల్లింగు, పాస్‌పోర్టులోని స్పెల్లింగు ఒకటేనా అని చూసుకోండి, మన ఇంటిపేర్ల దగ్గర ఇక్కడివాళ్ళు బాగా తికమకపడతారు. నేను పైన చిన్న పాట అన్నది బెర్నావర్ వీధిలోని సయోధ్య చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) గురించి. గోడ కట్టినప్పుడు రెండు వైపులవాళ్ళూ వెళ్ళలేని మధ్య భాగంలో ఇరుక్కుపోయిన చర్చిని 1985లో పేల్చేశారు. అదే చోట 2000లో మట్టితో దిమ్మిసకొట్టిన గోడలతో కోడిగుడ్డు ఆకారంలో చిన్న చాపెల్ కట్టారు. ముందే రాసి అనుమతి అడిగితే, అందరూ చుట్టూ నిలబడి ఒక్క పాట, వాద్యాలేవీ లేకుండా. లేదన్నారా, ఊరికే లోపల నిలబడి రండి.

పాటల సంగతికొస్తే, సగానికి సగం బాఖ్, మెండెల్సన్ పెట్టుకుని రావొద్దు. ఇక్కడ చిన్న ఊరి క్వయర్‌కు కూడా అవి కంఠతా వచ్చు. మర్యాదకు ఒకటి జర్మన్‌లో పాడండి, చాలు. మిగతాది మీ దగ్గరున్నదే: తెలుగు క్రైస్తవ కీర్తనలు, జానపదాలు, ఏదైనా రాగం మీద మీ టీచర్ కూర్చిన పాట. భక్తి పాటలు వేరే మతానివి పెట్టుకుంటే చర్చి వాళ్ళకు ముందే పాట అర్థంతో సహా రాసి అడగండి, చాలాచోట్ల అభ్యంతరం ఉండదు, కొన్నిచోట్ల ఉంటుంది, అది వాళ్ళ ఇష్టం. మొత్తం గంటకు మించకూడదు, ఇంటర్వెల్ వద్దు. పాటల భావం నాలుగేసి లైన్లలో జర్మన్‌లో అచ్చువేసి పంచండి. ఇక్కడి జనం ఆ కాగితం నిజంగానే చదువుతారు.

ప్రతిధ్వని గురించి ఇండియాలో ప్రాక్టీస్ చేయడం కష్టం. మన హాళ్ళలో ఫ్యాన్లు, మైకులు, కిటికీలు. ఇక్కడ రాతి చర్చిలో మైకు ఉండదు, పాట ఆపాక కూడా మూడు నాలుగు సెకన్లు గాల్లో తిరుగుతూనే ఉంటుంది. రిహార్సల్‌కు వెళ్ళగానే ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి వినండి, ఆ తర్వాత ఒక నిండు స్వరం అందరూ కలిసి పట్టి, ఒక్కసారి ఆపి, ఆ శబ్దం ఎక్కడ చచ్చిపోతుందో వినండి. ఒక అమ్మాయిని చివరి బెంచీలో కూర్చోబెట్టి మాటలు తెలుస్తున్నాయా అని అడగండి. వేగం కొంచెం తగ్గించాలి, ఒత్తక్షరాలు బాగా ముందుకు తెచ్చి పలకాలి. తెలుగు మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ఆ రాతి గోడలకు మన పాట భలే కుదురుతుంది, శ్రుతి పెట్టె మీద నెమ్మదిగా నడిచే పాటైతే మరీను. డప్పు, తబలా మాత్రం ముద్దముద్దగా వినపడతాయి, ఒక దెబ్బ తగ్గకముందే ఇంకోటి వచ్చి దాని మీద పడుతుంది. పెట్టుకుంటే వేళ్ళతో, మెల్లగా, ఒక్క పాటకు.

కలిసి పాడే పాట ఒకటి తెలుగుది ఉండాలని పట్టుబట్టండి. దాన్ని స్టాఫ్ నొటేషన్‌లో (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) రాసి పంపాలి, ఇక్కడివాళ్ళలో చాలామందికి సోల్ఫా (డో-రే-మి అక్షరాలు) చూసి పాడటం రాదు, విని పట్టుకోవడం అలవాటు తక్కువ, కాగితం చేతికిస్తే మాత్రం మొదటిసారే పాడేస్తారు. మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఒకరు నెమ్మదిగా చదివిన ఆడియో జత చేయండి. మూడు నెలల ముందు పంపితే వాళ్ళు "ళ" కూడా పలుకుతారు.

చర్చి కచేరీలకు సాధారణంగా టికెట్టు ఉండదు, బయటికి వెళ్ళేటప్పుడు బుట్టలో వేస్తారు. ఆ డబ్బు ఎవరికి, మీకా, చర్చికా, సగం సగమా అన్నది ముందే ఈమెయిల్‌లో రాసుకోండి. పాట రాసినవాళ్ళు, స్వరపరిచినవాళ్ళు చనిపోయి 70 ఏళ్ళు దాటకపోతే గేమా అనే హక్కుల సంస్థకు లెక్క చెప్పాలి, ఆ పని నిర్వాహకులు చేస్తారు గానీ జాబితా మీరే సమయానికి ఇవ్వాలి. సినిమా పాట ఒకటి చివర్లో పెడదాం అని పిల్లలు అడుగుతారు, అది కూడా జాబితాలో ఉండాలి.

చిన్న చిన్నవి కొన్ని. మే నెలలో కూడా పాత చర్చి లోపల చలే, ఎండలో చెమటపడుతున్నా లోపలికెళ్తే వణుకు. ఆడపిల్లలు మంగళగిరి చీరలు కడితే బాగుంటుంది, లోపల థర్మల్స్ వేసుకోమనండి, కాళ్ళకు సాక్సు. పాత చర్చిల్లో చాలాచోట్ల టాయిలెట్ ఉండదు, ఉన్నా ఒకటే. 36 మందికి ఎక్కడో ముందే కనుక్కోండి. ఆదివారం దుకాణాలన్నీ మూత, క్రీస్తు ఆరోహణ పండగ గురువారం కూడా మూతే, అది చాలా ఏళ్ళు మేలోనే వస్తుంది, నీళ్ళు, పళ్ళు ముందురోజే కొనిపెట్టుకోవాలి. హైవే మీద టాయిలెట్‌కు ఒక యూరో, చిల్లర దగ్గర పెట్టుకోమనండి.

లైప్‌జిగ్‌లో పిల్లల్ని ఆతిథ్య బృందంవాళ్ళ ఇళ్ళలో ఉంచుతామంటే ఒప్పుకోండి. మీకు టెన్షన్‌గా ఉంటుంది, అర్థమవుతుంది, ఆడపిల్లల్ని ఎవరింట్లోనో ఎలా అని. ఇద్దరిద్దరిగా ఉంచమని అడగండి, ఎవరెక్కడున్నారో అడ్రసులతో జాబితా మీ దగ్గర ఉంచుకోండి. క్వయర్లు ఒకరినొకరు ఇలా ఇళ్ళలో పెట్టుకోవడం ఇక్కడ మామూలే, ఖర్చు మాట అటుంచి, పిల్లలకు నిజంగా గుర్తుండేది అదే. రాత్రి భోజనం అంటే బ్రెడ్, చీజ్, కోసిన కూరగాయలు, అన్నీ చల్లగా. మొదటి రాత్రి మనవాళ్ళ ముఖాలు చూడాలి! వేడి భోజనం మధ్యాహ్నమే. శాకాహారులెవరో ముందే రాసివ్వండి, గుడ్డు కూడా తినరని ప్రత్యేకంగా రాయండి, ఇక్కడ గుడ్డు శాకాహారం కిందే లెక్క. రాత్రి 10 తర్వాత చప్పుడు చేయకూడదు. పొద్దున 8:15 అంటే 8:15, "వస్తున్నాం ఆంటీ" అని మెసేజ్ పెట్టి 8:40కి రావడం కుదరదు.

ఆవకాయ, కారప్పొడి చెక్-ఇన్ సామాన్లో బాగా కట్టి తెచ్చుకోవచ్చు. మాంసం, పాల పదార్థాలు తేకూడదు, అంటే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, ఇవన్నీ వద్దు. మే నెల కదా అని బంగినపల్లి మామిడిపళ్ళు బహుమతిగా తెస్తామంటారు, కరివేపాకు కూడా, ధ్రువపత్రం లేకుండా అవీ రావు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు.

వీసా. షెంగెన్ షార్ట్ స్టే (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే తక్కువ రోజుల వీసా), ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కాబట్టి నవంబర్‌లోనే మొదలుపెట్టండి, వేసవి స్లాట్లు త్వరగా అయిపోతాయి. ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు. లాభాపేక్షలేని సంస్థలు జరిపే సాంస్కృతిక కార్యక్రమాల్లో పాల్గొనే, 25 ఏళ్ళు మించనివాళ్ళకు ఫీజు మాఫీ చేసే వీలు నిబంధనల్లో ఉంది, ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళిష్టం, అడగడంలో తప్పులేదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు. ఆహ్వాన పత్రంలో తేదీలు, ఉండే చోటు, ఖర్చు ఎవరిది, కచేరీలకు పారితోషికం లేదు అన్నవి స్పష్టంగా రాయించండి. 32 మందికీ ఒకే రకం కవరింగ్ లెటర్, అందులో అందరి పేర్ల జాబితా. 18 నిండని వాళ్ళెవరైనా ఉంటే తల్లిదండ్రులిద్దరి అంగీకారం కావాలి. ఒకరిద్దరికి వీసా రాకపోవచ్చని లెక్కలో పెట్టుకుని, ఒక్కరి మీదే ఆధారపడ్డ సోలో పాట పెట్టుకోకండి.

తల్లిదండ్రుల సంగతి. మామూలు టూర్ బస్సులో 50 సీట్ల లోపే ఉంటాయి, మీరు 36 మంది, వాద్యాలు, పెట్టెలు పోగా పది పన్నెండు సీట్లు ఖాళీ కనపడతాయి, ఏజెంట్ అవి అమ్ముకోవాలనే చూస్తాడు. ఒప్పుకోవద్దు. అమ్మానాన్నలు వస్తే వాళ్ళకు చూడాల్సిన ఊళ్ళు వేరు, తినే తిండి వేరు, కచేరీ రోజు మధ్యాహ్నం పిల్లలు పడుకోవాల్సిన టైములో షాపింగ్‌కు తీసుకెళ్తారు. వస్తామంటే విడిగా వీసా, విడిగా టికెట్టు, విడిగా హోటల్, లైప్‌జిగ్ కచేరీ సాయంత్రం మాత్రం ముందు బెంచీలో వాళ్ళకు సీట్లు పట్టి ఉంచుతాం అని చెప్పండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, నౌంబుర్గ్ వైపు ఏ చర్చిలను అడగాలో నేను చెప్తాను.